హద్దులు ఏవమ్మా?

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ నవల మొదటి ఏడు అధ్యాయాలూ రెండు రాత్రులు కూర్చుని చదివాను. భాష బాగుంది. ఐదో అధ్యాయం దగ్గర మాత్రం కోపం వచ్చింది. అది చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లండన్ దగ్గరి ఈషర్ భవనంలో కిటికీ దగ్గర, తర్వాత ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి మంత్రి అయిన నీ కథానాయకుడు థామస్ క్రామ్‌వెల్‌ని నిలబెట్టి నవ్వించావు. "ఆ కళ్ళలో ఇంగ్లండు భవిష్యత్తు మెరిసింది" అన్నావు. ఎందుకమ్మా? ఆ రోజు అక్కడున్న మనిషి తను చూసింది రాసిపెట్టి పోయాడు కదా! 1529 నవంబరు 1. హెన్రీకి ముఖ్యమైన మంత్రిగా ఉన్న పెద్ద మతగురువు కార్డినల్ వుల్జీ పదవి పోయి, ఆస్తి పోయి ఆ భవనంలో తలదాచుకున్నాడు. ఆయన కొలువులో ఉన్న జార్జ్ కేవెండిష్ పొద్దున్నే పెద్ద గదిలోకి వస్తే, క్రామ్‌వెల్ కిటికీకి ఆనుకుని, చేతిలో ప్రార్థన పుస్తకంతో ఏడుస్తున్నాడు. ఏమైందని అడిగితే, యజమాని వుల్జీకి నమ్మకంగా చేసిన ఇన్నేళ్ళ చాకిరీ, సంపాదించుకున్నదీ అంతా పోయేలా ఉందన్నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే లండన్‌కి, రాజుగారి కొలువుకి వెళ్తాను, అటో ఇటో తేల్చుకుంటాను అన్నాడు. అప్పటికి అతనికి నలభై దాటాయి. భార్య అంతకుముందే చనిపోయింది. ఆ జూలైలో రాసుకున్న వీలునామాలో ఆన్, గ్రేస్ అనే ఇద్దరు కూతుళ్ళ పేర్లున్నాయి. తర్వాత ఆ పేర్ల మీద గీత కొట్టి ఉంది.

ఆ గీత నీ నవలలో లేదు. నా కోపం అందుకే.

మా నాన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద దస్తావేజులు రాసేవాడు. కాగితం మీద ఒక్క పేరు కొట్టేసినా పక్కన సంతకం పెట్టించేవాడు. కొట్టివేత అంటే ఒక మనిషి హక్కు పోవడంరా అనేవాడు. నేను ఆయన పక్కన పలక పట్టుకుని కూర్చుని పెరిగాను. ముప్ఫై ఏళ్ళ వయసులో ఒక కథ రాశాను. కూతురి పెళ్ళి కోసం ఎకరం చెక్క అమ్ముకునే తల్లి కథ. అందులో నాలుగు పేజీలు దస్తావేజు రాయడమే. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ కాలవ, ఆమె ఎక్కడ వేలిముద్ర వేసింది, వేస్తూ ఏమంది, అన్నీ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ నాలుగు పేజీలూ కోసేశాడు. "పాఠకుడికి ఈ కాగితాల గోల ఎందుకండీ" అని కార్డు ముక్క రాశాడు. అచ్చయిన పత్రిక తెచ్చి నాన్న చేతిలో పెడితే, కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "అంతా బాగుంది గానీ, హద్దులు ఏవిరా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నీ నవల చదివాక నేనూ అదే అడుగుతున్నాను. నీ క్రామ్‌వెల్ పుట్టుకతోనే గొప్పవాడు, కారణజన్ముడు. వీధిలో నడిస్తే గాలి ఆగిపోతుంది. ఇప్పుడు దీన్ని ఎలివేషన్ అంటున్నారు. సినిమాల్లోంచి కథల్లోకి దిగింది, సంపాదకులు కూడా అదే అడుగుతున్నారు. మనిషి ఏ పని చేసి పైకొచ్చాడో ఎవరికీ అక్కర్లేదు. నాకు అక్కరే. ఆ పని కాగితం మీద కనబడకపోతే, కింది నుంచి వచ్చినవాడి కష్టాన్ని మనమే తలరాత ఖాతాలో వేసేసినట్టు.

లండన్ పక్కన పట్నీ ఊరి కమ్మరి కొడుకు అని మొదలుపెట్టావు. సరే. కానీ ఆ తండ్రి వాల్టర్ నువ్వు రాసినట్టు కూటికి లేనివాడు కాదు. కమ్మరం, ఉన్నిబట్ట పని, బీరు కాచి అమ్మడం, అన్నీ చేశాడు. బీరు అమ్మకంలో నిబంధనలు తప్పినందుకు మళ్ళీ మళ్ళీ జరిమానాలు కట్టాడు. కొడుకు దేశం విడిచి ఇటలీ, ఆంట్వెర్ప్‌ల వైపు వెళ్ళి, వ్యాపారుల మధ్య తిరిగి భాషలు నేర్చుకున్నాడు. తిరిగొచ్చి లండన్‌లో లాయరయ్యాడు. వుల్జీ తన పేరు నిలబెట్టుకోవడానికి ఆక్స్‌ఫర్డ్‌లో, ఇప్స్‌విచ్‌లో కాలేజీలు కట్టాలనుకుని సుమారు 30 చిన్న మఠాలు మూయిస్తే, ఆ భూముల లెక్కలూ కౌళ్ళూ పత్రాలూ చూసింది ఇతనే. రాజుకి పనికొచ్చింది ఆ నేర్పే. కత్తి పట్టే ప్రభువులు హెన్రీ చుట్టూ చాలామందే ఉన్నారు. రోములోని పోపుకి అప్పీళ్ళు పోకుండా ఆపిన 1533 చట్టం ముసాయిదాల మీద క్రామ్‌వెల్ చేతి దిద్దుబాట్లు ఉన్నాయి. 1534లో ముఖ్య కార్యదర్శి, 1536లో ప్రివీ సీల్, అంటే రాజముద్ర కాపరి, 1540 ఏప్రిల్‌లో ఎసెక్స్ ఎర్ల్ అనే ప్రభు బిరుదు. అదే ఏడాది జూలై 28న తల తీశారు. ఈ పదవులన్నీ నువ్వు వరసగా రాశావు, వాటి జోలికి నేను పోను.

ఈషర్‌కే మళ్ళీ వస్తాను. ఆ మధ్యాహ్నం నౌకర్లకి జీతాలివ్వడానికి వుల్జీ దగ్గర డబ్బు లేదు. ఆయన దయ వల్ల బాగుపడిన పురోహితులు చుట్టూ ఉన్నారు. క్రామ్‌వెల్ తనకేమీ దక్కలేదంటూనే అయిదు పౌన్ల బంగారు నాణేలు తీసి ముందు పెట్టి, ఇప్పుడు మీరేం ఇస్తారో చూద్దాం అని ఆ పురోహితులతో అన్నాడు. పొద్దున ఏడ్చిన మనిషే ఇది! ఇంతకు మించిన సీను నువ్వు కల్పించగలవా? నేనైతే కల్పించలేను.

ప్రచురణకర్తల గురించి అడిగావు, అది తర్వాత. ఇంగ్లండు కథ మనవాళ్ళు చదువుతారా అని బెంగపడకు. కాగితం ముందు భయంగా నిలబడ్డవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఇంకొకటి. థ్రాగ్‌మోర్టన్ వీధిలో అతని ఇంటి గుమ్మం ముందు రోజుకి రెండుసార్లు 200 మందికి పైగా పేదలకి తిండి పెట్టేవారు. అదే ఇంటికి తోట పెంచుకోవడానికి చుట్టుపక్కల వాళ్ళ కంచెల్ని 22 అడుగులు జరిపించాడు. ఒకాయన దొడ్డి కంచెని ఆనుకుని ఉన్న ఇంటిని నేల నుంచి లేపి, దుంగల మీద దొర్లించి, ఆయన దొడ్లోకి నెట్టేశారు. ఆయనకి ఒక్క మాట చెప్పలేదు. అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. సగం స్థలం పోయినా ఏడాది అద్దె మొత్తం కడుతూనే ఉన్నాడు. ఆయన కొడుకు జాన్ స్టో పెద్దయి లండన్ చరిత్ర రాస్తూ ఇదీ రాశాడు.

ఐదో అధ్యాయం మళ్ళీ రాసి పంపు. నా కంటికి ఆపరేషన్ అయింది, అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టించు. తర్వాత ఆ కంచె సంగతి కూడా రాయి. స్టో తండ్రి దొడ్లోకి వచ్చి చూసేసరికి ఏం కనిపించింది, ఇంటావిడతో ఏమన్నాడు, నీ నోట వినాలని ఉంది.