స్టాటిస్టిక్స్ ఫార్ములాలు వచ్చు కానీ ఏది ఎక్కడ వాడాలో తెలీట్లేదు, ఎక్కడ మొదలెట్టాలి?

బీఎస్సీలో టీ టెస్టు (రెండు గుంపుల సగటుల్ని పోల్చేది), అనోవా (అంతకన్నా ఎక్కువ గుంపుల్ని పోల్చేది) బట్టీపట్టి పాసయ్యా గానీ ఏదీ అర్థం కాలేదు అన్నారు కదా, నాదీ సేమ్ కేసే, నాకైతే ఎమ్మెస్సీ అగ్రానమీలో ఒక సీజన్ పోతే గానీ తెలిసిరాలేదు.

వరిలో నత్రజని డోసుల ట్రయల్ వేశా. హెక్టారుకి 0, 60, 120, 180 కిలోలు, మూడు రెప్లికేషన్లు (ఒక్కో డోసు మూడేసి మడుల్లో), మొత్తం 12 మడులు. ఏ మడికి ఏ డోసో చీటీలు తీసి తేల్చాలని పరీక్షలో రాసినోడినే, కానీ పొలంలో దిగాక యూరియా చల్లేటప్పుడు కన్ఫ్యూజ్ అవుతామని మూడు వరసల్లోనూ మడవ (నీళ్లు వదిలే చోటు) దగ్గర 0, పక్కన 60, అట్లా చివరి మడికి 180 పెట్టేశా. కోతలయ్యాక చూస్తే 180లో దిగుబడి 120 కన్నా తక్కువ. ఎరువు ఎక్కువైతే నష్టమే అని థీసిస్‌లో రాసేసుకుందామని తెగ సంబరపడ్డా. మా గైడ్ లేఅవుట్ చూసి, చివరి మడులకి నీళ్లు సరిగా అందాయా అని అడిగారు. అందలేదు. మరి తగ్గింది యూరియా వల్లో నీళ్ల వల్లో ఎట్లా తేలుద్ది? అనోవాలో వచ్చే ఎఫ్ వాల్యూ మాత్రం సిగ్నిఫికెంట్ (తేడా ఊరికే వచ్చింది కాదు) అని బ్రహ్మాండంగా వచ్చింది!

మళ్లీ రబీలో వేశా. ఈసారి మడవ నుంచి ఒకే దూరంలో ఉన్న నాలుగు మడుల్ని ఒక బ్లాకు చేసి, బ్లాకు లోపల చీటీలు తీశాం, ఒక బ్లాకులో నాలుగు డోసులకీ నీళ్లు ఇంచుమించు ఒకేలా అందాలని.

ఇంకో పొరపాటు, మడికి ఐదు దుబ్బుల ఎత్తు కొలిచి నా దగ్గర 60 రీడింగులు ఉన్నాయనుకునేవాణ్ణి. డోసు వేసింది మడికి, దుబ్బుకి కాదు, కాబట్టి ఉన్నవి 12 సగటులే, ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మడికీ మడికీ మామూలుగా ఉండే తేడాని అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర సమాచారం) 6 మాత్రమే.

పీ వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత ఫలితమో ఇంకా ఎక్కువో వచ్చే ఛాన్సు) అర్థం కావాలంటే స్టాటిస్టిషియన్ ఫిషర్ 1935 పుస్తకంలో చెప్పిన టీ కప్పుల ప్రయోగం ఇంట్లో చేసి చూడండి. మేం కాఫీతో చేశాం, 4 గ్లాసులు ఫిల్టర్, 4 ఇన్‌స్టంట్, కలగాపులగంగా పెట్టి మా అక్కని ఫిల్టర్ కాఫీవి నాలుగు ఏరమన్నా. 8లోంచి 4 ఏరడానికి 70 రకాలు, గుడ్డిగా ఏరితే అన్నీ కరెక్ట్ అయ్యే ఛాన్సు 70లో 1. అక్క మూడు కరెక్ట్‌గా పట్టింది, గెలిచానంది, కానీ మూడో అంతకన్నా ఎక్కువో గుడ్డిగా తగిలే ఛాన్సు 70లో 17, అంటే దాదాపు 24 శాతం. ఒప్పుకోలేదనుకోండి.

అనోవా ఒక్కసారి 12 నంబర్లతో కాలిక్యులేటర్ మీద చేతో చేయండి, తర్వాత అవే నంబర్లు ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి సరిచూసుకోండి. రెండోసారి చేతో చేయక్కర్లేదు, మెడ నొప్పి తప్ప ఏం రాదు.