సైలెన్సర్ పెడితే తుపాకీ మూగబోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిలో అడిగింది తుపాకుల గురించే. నేర పరిశోధన ప్రయోగశాలలో తుపాకులూ తూటాలూ పరీక్షించడమే ఉద్యోగంగా నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. అందుకని మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సినిమాల్లో సైలెన్సర్ బిగించి కాలిస్తే పక్కగదిలో నిద్రపోతున్నవాళ్లకి మెలకువ కూడా రాదు. నిజంగా అంత నిశ్శబ్దంగా ఉంటుందా?

ఉండదు. నా ఎడమ చెవిలో పగలూ రాత్రీ కీచురాయి అరిచినట్టు ఒక మోత. పట్టుబడ్డ తుపాకీతో నీళ్ల తొట్టిలోకి కాల్చి, ఆ తూటా మీద పడ్డ గీతల్ని సూక్ష్మదర్శినిలో పోల్చి చూడటం మా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెవులకి ఏమీ పెట్టుకోకుండా కాల్చాను. ఆ మోత అప్పటి నుంచీ ఉంది. కాబట్టి ఈ విషయం నాకు వినోదం కాదు.

రైఫిల్ పేలితే దగ్గరున్న చెవికి తగిలే శబ్దం సుమారు 160 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతని కొలిచే ప్రమాణం). 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మంచి సైలెన్సర్ 20 నుంచి 35 డెసిబెల్స్ వరకూ తగ్గిస్తుంది. డెసిబెల్ మామూలు కొలత లాంటిది కాదు. 30 తగ్గిందంటే ధ్వని శక్తి వెయ్యో వంతుకి పడిపోయినట్టు. అంత తగ్గాక కూడా మిగిలేది 130. గుండె ఉలిక్కిపడే మోతే అది.

తూటా వెనకాలే మండిన తుపాకీ మందు వాయువు గొట్టం నోట్లోంచి ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. మనం వినే పేలుడు చాలావరకు అదే. సైలెన్సర్ లోపల వరసగా అడ్డుపలకలుంటాయి. వాయువు గదిగదికీ తిరిగి, వ్యాకోచించి, కాస్త చల్లబడి నెమ్మదిగా బయటపడుతుంది. మోటార్ సైకిల్ పొగగొట్టంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. 1909లో అమెరికాలో తుపాకీ సైలెన్సర్‌కి పేటెంటు పొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఇంజిన్ల మఫ్లర్ల మీద కూడా పనిచేశాడు. అతని తండ్రి మెషీన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్. తన తుపాకుల మోతకే ఆ తండ్రి చెవులు దెబ్బతిన్నాయి.

సైలెన్సర్ ఏమీ చేయలేని శబ్దం ఇంకొకటుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, రైఫిల్ తూటా 800 మీటర్లు పోతుంది. ధ్వనిని దాటి పోయే తూటా దారి పొడవునా గాలిని కొరడాతో కొట్టినట్టు చీలుస్తుంది. గొట్టం చివర ఏది బిగించినా ఆ చప్పుడు తగ్గదు.

ప్రశ్న: నార్వేలో సైలెన్సర్‌ని దుకాణంలో మామూలు వస్తువులా అమ్ముతారని చదివాను. మన దేశంలో అది దగ్గరుంటే జైలే. ఒకే వస్తువు విషయంలో ఇంత తేడా ఏమిటి?

చెవిని కాపాడే పనిముట్టుగా చూస్తే ఒక చట్టం వస్తుంది, నేరాన్ని దాచే పనిముట్టుగా చూస్తే ఇంకో చట్టం వస్తుంది. మన చట్టం రెండో వైపు నిలబడింది. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నియమాల్లో, పేలుడు శబ్దాన్నో మెరుపునో తగ్గించే పరికరాలన్నీ నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉన్నాయి. కెనడాలోనూ అది నిషిద్ధ పరికరమే.

నార్వేలో తుపాకీ కొనాలంటే పోలీసుల అనుమతి కావాలి. సైలెన్సర్‌కి వేరే అనుమతి అడగరు. వేటగాడి చెవులకీ, అతని కుక్క చెవులకీ, చుట్టుపక్కల ఊళ్లకీ మంచిదని అక్కడివాళ్లు భావిస్తారు. జర్మనీ చాలాకాలం ఒప్పుకోలేదు. 2020లో చట్టం మార్చి, వేట లైసెన్సు ఉన్నవాళ్లకి అనుమతించింది. బ్రిటన్‌లో రైఫిల్‌కి వాడే సైలెన్సర్‌ని కూడా తుపాకీ లైసెన్సు పత్రంలో రాయించుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది న్యూజిలాండ్. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక దుండగుడు 51 మందిని చంపాడు. నెల తిరక్కుండానే ఆ దేశం సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో (మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కేవి) దాదాపు అన్నిటినీ నిషేధించింది. సైలెన్సర్ల జోలికి మాత్రం పోలేదు. ప్రాణాలు తీసింది ఏదో వాళ్లు సరిగ్గా చూశారనిపిస్తుంది నాకు.

అమెరికా తీరు వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో రైఫిల్‌ని ఒక్క రోజులో కొనుక్కుని ఇంటికి పోవచ్చు. సైలెన్సర్‌కి మాత్రం 1934 చట్టం ప్రకారం వేలిముద్రలు, ఫొటో, ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, 200 డాలర్ల పన్ను. ఆ 200 తొంభై ఏళ్లు మారలేదు. 2026 జనవరి 1 నుంచి పన్నును సున్నా చేశారు, నమోదు అలాగే ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ సహా ఎనిమిది రాష్ట్రాలు పౌరుల చేతికి అసలే ఇవ్వవు.

భయానికి కారణం లేదనను. 2019లో వర్జీనియా బీచ్‌లో 12 మందిని చంపినవాడు తన పిస్తోలుకి సైలెన్సర్ బిగించుకునే వచ్చాడు. అయితే నా బల్ల మీదికి వచ్చిన తుపాకుల్లో సైలెన్సర్ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తుపాకీ ఎవరి చేతికి పోతోందో గట్టిగా చూసే దేశానికి దాని చివర బిగించే గొట్టం గురించి అంత బెంగ అక్కర్లేదని నా నమ్మకం. జపాన్‌లో షాట్‌గన్ (ఒకేసారి చిన్న చిన్న గుండ్లు చిమ్మే తుపాకీ) కావాలన్నా రాతపరీక్ష, కాల్పుల పరీక్ష, వైద్యుడి ధ్రువపత్రం, పోలీసుల విచారణ అన్నీ దాటాలి. రైఫిల్ అడగాలంటే మామూలుగా అంతకుముందు పదేళ్లు షాట్‌గన్ లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: సైలెన్సర్ అనాలా, సప్రెసర్ అనాలా?

రెండూ ఒకటే. మాక్సిమ్ తన సరుకుని సైలెన్సర్ పేరుతోనే అమ్మాడు, అమెరికా చట్టంలోనూ అదే మాట ఉంది. వాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా సప్రెసర్ అంటున్నారు. బ్రిటన్‌వాళ్లు సౌండ్ మోడరేటర్ అంటారు. అది చేసే పనికి సరిపోయే పేరు నా దృష్టిలో అదే.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెలవు రోజున స్నేహితులు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లారట. తుపాకీ గురిపెట్టిన ఫొటో పంపాడు. చెవులకి ఏమీ పెట్టుకోలేదు. తప్పేమైనా ఉందా?

ఉందమ్మా, పెద్ద తప్పే ఉంది. అతనికి తెలిసి ఉండదు. విద్యార్థి వీసా, హెచ్ వన్ బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాసేపు చేత్తో పట్టుకున్నా అది కలిగి ఉండటం కిందికే రావచ్చు. శిక్ష 15 ఏళ్ల వరకూ ఉంటుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు, కాబట్టి స్నేహితులు చేస్తున్నారు కదా అని తనూ చేయకూడదు.

ఇది కాగితం మీది భయం కాదు. విద్యార్థి వీసా మీద వచ్చి, మార్కులు రాక విశ్వవిద్యాలయం తీసేసిన ఒక యువకుడు ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చినందుకు కేసులో ఇరుక్కున్నాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. తాను ఆ దేశంలో చట్టప్రకారం ఉండకూడని స్థితిలో ఉన్నానని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పండి. తుపాకీ శుభ్రం చేసే సామాను పేరుతో ఇంటర్నెట్‌లో కొన్ని గొట్టాలు అమ్ముతారు. సైలెన్సర్ తయారీ కోసం ఉద్దేశించిన విడిభాగాలు కూడా అమెరికా చట్టం దృష్టిలో సైలెన్సర్లే. చవగ్గా వస్తోందని తెప్పించుకుంటే అదో కొత్త నేరం.

అబ్బాయిని కోప్పడకండి. ఇవాళే ఫోన్ చేసి, మళ్లీ వెళ్లొద్దనీ, వలస చట్టాలు చూసే న్యాయవాదితో ఒకసారి మాట్లాడమనీ చెప్పండి. చెవిలో మోత వస్తోందా అని కూడా అడగండి. వస్తోందంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోమనండి.