నొక్కకుండానే తెరుచుకునే కారు లాకులు

ప్రశ్న: మాది కడప. 2008 మోడల్ పెట్రోల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. సెంట్రల్ లాక్ కంపెనీది కాదు, బయట వేయించింది. రిమోట్ నొక్కితే మూడు డోర్లే లాక్ అవుతున్నాయి, వెనక ఎడమ డోరు కదలడం లేదు. ఒక్కోరాత్రి ఎవరూ ముట్టుకోకుండానే లాకులు తెరుచుకుంటున్నాయి. ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

జవాబు: మొదటిది చేసుకోవచ్చు. రెండోదే నన్ను కలవరపెడుతోంది.

ముందు మొదటిది. ఒక్క డోరు కదలడం లేదన్న ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చినా, అందరూ ముందు లాక్ మోటారు మార్చేసి తర్వాత నాకు రాస్తారు. డోరుకీ, అది బిగించి ఉండే పిల్లర్‌కీ (కారు బాడీ స్తంభానికీ) మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది, ముందు అది ఊడదీసి చూడండి. డోరు తెరిచి మూసిన ప్రతిసారీ లోపలి తీగ మడతపడుతుంది. పైన ప్లాస్టిక్ బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగిపోయి ఉంటుంది. ఒక్కో తీగనూ మెల్లగా లాగండి. తెగినది రబ్బరులా సాగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కొత్త ముక్క వేసి సోల్డర్ చేసి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. మెలిపెట్టి టేపు చుట్టొద్దు. మన ఎండలకు ఆ జిగురు కారిపోతుంది.

తీగలు బాగుంటే డోరు లోపలివైపు కప్పు (డోర్ ప్యాడ్) విప్పి, మోటారు రెండు తీగలకు నేరుగా 12 వోల్టులు ఒక్క క్షణం తాకించండి. తీగలు మార్చి తాకిస్తే కడ్డీ వెనక్కి రావాలి. కదలకపోతేనే మోటారు మార్చండి. ఎక్కువసేపు పట్టుకుంటే కాలిపోతుంది.

ఇక రాత్రి సంగతి. డ్రైవర్ డోరు మోటారుకు సాధారణంగా 5 తీగలుంటాయి. రెండు మోటారును తిప్పడానికి, మిగతా మూడు లాక్ పడిందో తెరుచుకుందో లాకులను నడిపే కంట్రోల్ బాక్సుకు చెప్పడానికి. ఆ మూడింటిలో తెరవమని చెప్పే తీగ ఒరుసుకుపోయి డోరు రేకుకు తగిలినా లాకులు వాటంతటవే తెరుచుకోవచ్చు. ఆ డోరు గొట్టం కూడా చూడండి.

అక్కడ ఏ లోపమూ లేకపోతే అనుమానం రిమోట్ మీదే. చవక కిట్లలో చాలావాటికి ఫిక్స్‌డ్ కోడ్ ఉంటుంది, అంటే ఎన్నిసార్లు నొక్కినా అదే సంకేతం. పెద్ద దర్గా ఉరుసుకు వెళ్లి, కారు ఆపి మీరు బటన్ నొక్కినప్పుడు పక్కన ఎవరైనా దాన్ని రికార్డు చేస్తే చాలు, మీరు వెళ్లాక అదే సంకేతం మళ్లీ పంపి డోరు తీయొచ్చు. అద్దం పగలదు, గీత పడదు. పోలీసులకు చూపించడానికి ఏ గుర్తూ మిగలదు. పాత యజమాని దగ్గర ఇంకో రిమోట్ ఉంటే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. కాపీ రిమోట్లు చేయడమూ కష్టం కాదు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్న రోజే పాత రిమోట్లన్నీ చెరిపించకపోవడం పెద్ద అజాగ్రత్త.

చాలా కిట్లలో రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్ వేరే బాక్సుగా ఉంటుంది. దాని ప్లగ్ పీకేయండి. డ్రైవర్ డోరులో తాళంచెవి తిప్పితే మిగతా డోర్లు మామూలుగానే పడతాయి. రిమోట్ తప్పదనుకుంటే నొక్కినప్పుడల్లా కోడ్ మారే రోలింగ్ కోడ్ రకం వేయించండి. దాన్నీ ఛేదించే పద్ధతులున్నాయి, కాకపోతే అంత తేలిక కాదు. ఏది వేయించినా పొలం కాగితాలు, బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బు కారులో వదలకండి.

నా కోపమంతా ఈ కిట్లు తయారుచేసేవాళ్ల మీద. పెట్టె మీద సెక్యూరిటీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. కోడ్ మారుతుందా లేదా అన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా రాయరు. కొనేముందు షాపువాడిని ఆ ఒక్కటీ అడగండి. తెలియదంటే ఆ కిట్ అక్కడే పెట్టేసి రండి.