టెక్ సందేహాలు: క్యూలో 38 వేల మెయిళ్లు, వాటిలో మన ఇన్‌వాయిస్‌లు

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్‌తో పాటు కంప్యూటర్ల పని కూడా చూస్తాను సార్. మెయిల్ సర్వర్ మా సొంతం, లైనక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్). ఒక రోజు పొద్దున వచ్చి చూస్తే క్యూలో (బయటికి వెళ్లాల్సిన మెయిళ్ల వరుసలో) 38 వేల మెయిళ్లున్నాయి. ఎగుమతి సెక్షన్‌లో ఒకరి పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కి, రాత్రంతా స్పామ్ వెళ్లింది. బయటి దేశాలవాళ్లకు పంపాల్సిన ఇన్‌వాయిస్‌లూ వాటి మధ్యే ఇరుక్కున్నాయి. మొత్తం తుడిచేయమని తెలిసినాయన ఒక కమాండ్ చెప్పారు. కొట్టమంటారా?

జవాబు: వద్దు. మీకు అదే రోజు క్లుప్తంగా మెయిల్ చేశాను. మిగతావాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కమాండ్లను తెలుగులో రాసినా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.

ఆయన చెప్పింది ‘పోస్ట్‌సూపర్ -డి ఆల్’ అయ్యుంటుంది. దానికి స్పామ్, ఇన్‌వాయిస్ అనే తేడా లేదు. ‘నిజంగా తుడవమంటారా’ అని అడగదు. కొన్నేళ్ల కిందట తిరుపతిలో ఒక ఆఫీసులో కంగారులో నేనే ఇది కొట్టాను. స్పామ్‌తో పాటు ఆ రోజు సాయంత్రం గడువున్న టెండర్ మెయిల్ కూడా పోయింది. పంపినావిడ నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ జవాబు ఇంత పొడుగు.

తోతాపురి దిగే జూన్, జూలై నెలల్లో మెయిల్ ఒక పూట ఆగినా మీకెంత టెన్షనో తెలుసు. అయినా ముందు చేయాల్సింది ఆపడమే. ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత రూట్‌గా (సర్వర్ మీద పూర్తి అధికారమున్న యూజర్‌గా) ‘పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్’ కొట్టండి. హెచ్ చిన్నక్షరం, ‘ఆల్’ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. క్యూలో ఉన్నవన్నీ హోల్డ్‌లోకి వెళ్తాయి. ఒక్కటీ బయటికి పోదు, ఒక్కటీ చెరిగిపోదు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నించి మెయిల్‌ను వెనక్కి పంపేస్తుంది. హోల్డ్‌లో ఉన్నవాటికి ఆ గడువు వర్తించదు. కాబట్టి మంచినీళ్లు తాగి నింపాదిగా చూసుకోవచ్చు.

‘పోస్ట్‌క్యూ -పి’ కొడితే జాబితా వస్తుంది. ప్రతి మెయిల్‌కు ఒక ఐడీ ఉంటుంది. ఐడీ పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే అది హోల్డ్‌లో ఉన్నట్టు. రెండు మూడు ఐడీలు తీసుకుని ‘పోస్ట్‌క్యాట్ -క్యూ’ పక్కన పెట్టి కొట్టండి, మెయిల్ లోపల ఏముందో కనిపిస్తుంది. స్పామ్ ఎలా ఉందో కళ్లారా చూడకుండా స్క్రిప్ట్ రాయొద్దు.

ఇప్పుడు లాగ్ (సర్వర్ తన పనులు రాసుకునే ఫైలు) తెరవండి. ఉబుంటు, డెబియన్ అయితే వార్ లాగ్ ఫోల్డర్‌లో ‘మెయిల్ డాట్ లాగ్’, రెడ్ హ్యాట్ కుటుంబం అయితే ‘మెయిల్‌లాగ్’. పాస్‌వర్డ్ ఇచ్చి పంపిన ప్రతి మెయిల్‌కూ అందులో ఒక లైను పడుతుంది. ఐడీ, పంపిన కంప్యూటర్ ఐపీ అడ్రస్, ‘సాస్ల్ యూజర్‌నేమ్’ (ఎవరి పాస్‌వర్డ్‌తో పంపారో ఆ పేరు) మూడూ ఆ ఒక్క లైనులోనే ఉంటాయి. మీకు కావాల్సిందంతా అక్కడే ఉంది. ఆ ఉద్యోగి పేరున్న లైన్లను గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో పట్టండి. వాటిలోంచి మీ ఆఫీసు ఐపీ ఉన్నవి తీసేయండి. మిగిలినవి దొంగ పంపినవి. పంపినవారి అడ్రస్ చూసి వేరుచేద్దామంటే కుదరదు, స్పామర్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు మారుస్తారు. ఆ ఉద్యోగికి ఇంటి నుంచి గానీ ఫోన్ నుంచి గానీ పంపే అలవాటుంటే మాత్రం ముందు ఆయన్నే అడిగి ఆ మెయిళ్లు పక్కన పెట్టండి.

ఆ రాత్రి లైన్లు మాత్రమే తీసుకోండి. పోస్ట్‌ఫిక్స్ పాత ఐడీని కొత్త మెయిల్‌కు మళ్లీ వాడే అవకాశం ఉంది, పాత లాగ్ కలిస్తే మంచి మెయిల్ పోతుంది. ఐడీలను ఒక ఫైలులో లైనుకొకటి పెట్టి లెక్కపెట్టండి. 38 వేలకు దగ్గరగా ఉందా? ముందు ఒక్క ఐడీతో ‘పోస్ట్‌సూపర్ -డి’ కొట్టి చూడండి. సరిగ్గా ఉంటే ఫైలు మొత్తాన్ని పైపుతో (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకో కమాండ్‌కు అందించే నిలువు గీతతో) ‘పోస్ట్‌సూపర్ -డి -’కు అందించండి. చివరి అడ్డగీత మరవొద్దు, ఐడీలు పైపు నుంచి తీసుకోమని దాని అర్థం. మిగిలినవాటిని ‘పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్’తో వదలండి. ఈసారి ఆ హెచ్ పెద్దక్షరం. చిన్న హెచ్ ఆపుతుంది, పెద్ద హెచ్ వదులుతుంది.

మీ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టుల్లో (స్పామ్ పంపే సర్వర్ల జాబితాల్లో) పడి ఉంటే ఇన్‌వాయిస్‌లు మళ్లీ వెనక్కి వస్తాయి. అదీ చూసుకోండి.

ప్రశ్న: తిరుపతిలో కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఎక్స్‌చేంజ్‌లో (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) 480 మంది కొత్త విద్యార్థులకు మెయిల్ బాక్సులు తెరవాలి. పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లతో పని చేయించే షెల్) స్క్రిప్ట్ రాశాను గానీ తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

జవాబు: స్క్రిప్ట్‌ది కాదు, ఎక్సెల్ ఫైలుది తప్పు. మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే తెలుగు అక్షరాలు అక్కడే పోతాయి, తర్వాత ఏం చేసినా రావు. అసలు ఎక్సెల్ ఫైలు తెరిచి ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేయండి. హాల్ టికెట్ నంబర్లు కూడా చూసుకోండి. సున్నాతో మొదలైతే ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తుంది. అంకెల మధ్య ఒక్క ఇంగ్లిష్ ‘ఇ’ ఉంటే దాన్ని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి.

పవర్‌షెల్‌లో నాకు బాగా నచ్చింది ‘వాట్‌ఇఫ్’. ‘న్యూ-మెయిల్‌బాక్స్’ చివర అది తగిలిస్తే ఏం చేయబోతోందో చెబుతుంది, చేయదు. అలా ఒకసారి నడిపి, తర్వాత ముగ్గురు విద్యార్థులతో నిజంగా నడిపి, లాగిన్ అయి చూశాకే 480కి వెళ్లండి.

ప్రశ్న: క్యూ లెక్క పంపే స్క్రిప్ట్ చేత్తో నడిపితే పనిచేస్తుంది, రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (పెట్టిన టైమ్‌కు కమాండ్లు తనంతట తానే నడిపే లైనక్స్ ఏర్పాటు) పనిచేయదు. (శ్రీకాళహస్తి నుంచి)

జవాబు: క్రాన్‌కు మీ లాగిన్‌లో ఉన్నన్ని దారులు (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్లు) తెలియవు. పోస్ట్‌క్యూ సాధారణంగా ఉండేది యూఎస్ఆర్ కింది ఎస్‌బిన్ ఫోల్డర్‌లో. స్క్రిప్ట్‌లో పూర్తి దారి రాయండి. ‘డేట్’ అని కొట్టి టైమ్ కూడా చూడండి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే దాని రాత్రి 2 మనకు ఉదయం 7:30. స్క్రిప్ట్ నడిచే ఉంటుంది, మీరు చూసేది ముందుగా.