ఇల్లు కడుతున్న మేనల్లుడికి: తనిఖీల తేదీల గురించి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హైదరాబాదులో నాచారం స్థలానికి పర్మిషన్ చేతికి వచ్చిందని, ఇక టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఏయే దశల్లో తనిఖీకి వస్తారో, ఆ తేదీలను మనం ముందే తీసుకోవచ్చో లేదో చెప్పమని అడిగావు. మీ అక్క అమెరికాలో ఇంటికి ఒక గది కలిపించుకున్నప్పుడు చూసిన పద్ధతి నీ మనసులో ఉన్నట్టుంది. అక్కడ చాలా నగరాల్లో పర్మిట్ తీసుకున్నవారే ప్రతి దశకూ తనిఖీని కోరాలి. పునాదిలో ఇనుము కట్టాక కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడల్లో వైర్లూ పైపులూ వేశాక వాటిని కప్పకముందు ఒకసారి, కాపురానికి వెళ్ళకముందు మరొకసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆయన సరేనని రాసేదాకా ఆ పనిని కప్పడానికి వీల్లేదు. మన దగ్గర నీ ఇంటివంటి వాటికి అలాంటి దశలవారీ బుకింగు లేదు. కార్యాలయం వాళ్ళు వచ్చే రోజు నీ చేతిలో ఉండదు కాబట్టి, ఇంటి బలానికి సంబంధించిన తనిఖీలకు తేదీలు నువ్వే పెట్టుకుని, నువ్వు ఫీజు ఇచ్చే ఇంజనీరుతో చేయించుకోవాలి. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

ముందు కార్యాలయం సంగతి ముగిస్తాను. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం (తెలంగాణ భవన అనుమతుల చట్టం) ప్రకారం 75 గజాలు దాటి 600 గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించకుండా కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇస్తారు. 200 గజాల్లో గ్రౌండ్ ప్లస్ టూ కడుతున్న నువ్వు ఈ తరగతిలోకే వస్తావు. ముందు పరిశీలన లేదు కనుక తర్వాతి పరిశీలన ఉంటుంది. అనుమతి వచ్చిన 21 రోజుల్లో అధికారులు స్థలానికి వచ్చి, నువ్వు ప్రకటించిన కొలతలూ, రోడ్డు వెడల్పూ, యాజమాన్య పత్రాలూ నిజమేనా అని సరిచూస్తారు. తప్పుడు ప్రకటన అని తేలితే అనుమతి రద్దవుతుంది. చాలామంది ఈ 21 రోజుల్లోనే మంచిరోజు చూసి పునాదులు తవ్వించేస్తారు. నా మాట వింటే, ఆ గడువు దాటేదాకా స్థలం శుభ్రం చేయించడం, బోరు వేయించడం, హద్దురాళ్ళు కనబడేలా పెట్టించడం వరకే పరిమితమవు. హద్దులు కనబడకపోతే వచ్చినవాళ్ళు దేన్ని కొలుస్తారు?

పని మొదలుపెట్టేముందు ప్రారంభ నోటీసు ఇవ్వడం మరిచిపోకు. అనుమతి నంబరు రాసిన బోర్డు గేటు దగ్గర ఉండాలి, మంజూరైన ప్లాను నకలు వాచ్‌మన్ గదిలో ఉండాలి. టౌన్ ప్లానింగ్ చైన్‌మన్ కానీ సెక్షన్ ఆఫీసర్ కానీ ఎప్పుడు వచ్చినా చూసేవి ప్రధానంగా సెట్‌బ్యాకులు (హద్దుకూ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీ), అంతస్తుల సంఖ్య, ఎత్తు. కాబట్టి పిల్లర్ల మార్కింగు వేసిన రోజే, గోతులు తీయకముందే, నాలుగు వైపులా టేపు పట్టి ప్లానుతో సరిపోల్చి ఫొటోలు తీసి పెట్టుకో. ప్లానులో లేని పెంట్‌హౌసు గురించి మేస్త్రీ ఇప్పటినుంచే ఊరిస్తూ ఉంటాడు, వినకు. ఈ చట్టం కింద అనుమతిని ఉల్లంఘించి కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం వాళ్ళకు ఉంది. తనిఖీలన్నీ తాను చూసుకుంటానని చెప్పే మధ్యవర్తి కూడా ఎవడో ఒకడు తప్పక తగులుతాడు. వాడికి ఇచ్చే డబ్బులో సగం ఇంజనీరుకు ఇచ్చినా ఇల్లు బాగుపడుతుంది.

ఇక అసలు విషయం. ఇంట్లో ఒకసారి కప్పితే మళ్ళీ కనబడని దశలు కొన్ని ఉన్నాయి. పునాది గోతి అడుగు, ఫుటింగు (పిల్లరు కింది పునాది దిమ్మె) ఇనుప జాలీ, నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీము, ప్రతి అంతస్తు పిల్లర్లు, ప్రతి స్లాబు, స్లాబులో దాగే కరెంటు పైపులు, బాత్రూము వాటర్‌ప్రూఫింగు. వీటిలో ప్రతిదానికీ "ఇంజనీరు సంతకం పెట్టందే కాంక్రీటు పోయరాదు" అని మేస్త్రీతో రాసుకునే ఒప్పందంలోనే రాయించు, ఆ దశకు చెందిన చెల్లింపును కూడా సంతకం తర్వాతకే పెట్టు. డబ్బు ముడిపడకపోతే ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు.

గోతి అడుగు సంగతి మన ఊళ్ళో ప్రత్యేకంగా చూడాలి. హైదరాబాదులో ఒక మూల రాయి తగిలి, పది అడుగుల అవతల నల్లమట్టి గానీ పూడ్చిన మట్టి గానీ తగలడం మామూలే. పాత కుంటల పక్కన ఉన్న కాలనీల్లో ఇది మరీ ఎక్కువ. అన్ని గోతులూ తీశాక ఒకే రోజున ఇంజనీరును రప్పించి ప్రతి గోతిలోకీ దిగి చూడమను. గట్టు మీద నిలబడి సరేనంటే ఒప్పుకోకు. మర్నాడే కింద పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు పొర) పరిచేస్తారు, ఆ తర్వాత చూడడానికి ఏమీ మిగలదు.

స్లాబు తనిఖీకి తేదీ పెట్టడమే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మనవాళ్ళు ముందు ముహూర్తం పెట్టి, దాన్నిబట్టి కాంక్రీటు లారీ చెప్పి, ఇంజనీరుకు ఆ ఉదయం ఫోను చేస్తారు. ఆయన వచ్చేసరికి లారీ డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది, కూలీలు వరుసగా నిలబడి ఉంటారు, అప్పుడు ఇనుములో లోపం చెప్పినా విప్పి కట్టేవాడు ఉండడు. దీన్ని తిరగేసి చెయ్యి. ఇనుము కట్టడం, కరెంటు పైపులు వేయడం పూర్తయిన మర్నాడు ఇంజనీరు తనిఖీ, లోపాలు దిద్దడానికి మరొక పూర్తి రోజు, దిద్దినవాటిని మళ్ళీ చూశాకే లారీకి ఫోను. పంతులు గారిని ఒకే తేదీ కాకుండా రెండు మూడు ముహూర్తాలు అడుగు, ఆయన కాదనరు. పగటివేళ భారీ వాహనాలకు ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయి కనుక లారీ ఎన్నింటికి రాగలదో కూడా ముందే కనుక్కో.

ఆ రోజు ఇంజనీరు ఏం చూస్తున్నాడో నువ్వూ పక్కన ఉండి చూడు. కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము మీద కనీసం ఉండాల్సిన కాంక్రీటు కవరు ఫుటింగుకు 50 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40, స్లాబుకు 20; అందుకు సరిపడే కవరు బ్లాకులు పెట్టారా, లేక కంకర ముక్కలు తోశారా అన్నది ఎవరైనా గుర్తుపట్టగలరు. పిల్లరు రింగుల కొనలు లోపలికి 135 డిగ్రీలు వంచాలి. చాలాచోట్ల 90 దగ్గరే ఆపేస్తారు, అది వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇనుము అతుకులన్నీ ఒకే వరుసలో పడకూడదు. కాంక్రీటు పోసేటప్పుడు అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల నమూనా దిమ్మెలు (క్యూబులు) తీయించి తేదీ రాయించు, వాటి బలాన్ని 28 రోజులకు ల్యాబులో పరీక్ష చేయించు. ఆ 28వ రోజును కూడా ఒక తనిఖీ తేదీగానే క్యాలెండరులో రాసుకో, లేకపోతే క్యూబులు ఇసుక కుప్ప పక్కనే పడి ఉంటాయి. సెంట్రింగు విప్పడానికీ తేదీలు ఉన్నాయి: నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద ఊతకర్రలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన బీము కింద 21 రోజులు ఉండాలి. సెంట్రింగు వాడికి ఆ సామాను వేరే సైటులో కావలసి ఉంటుంది కనుక తొందరపెడతాడు. పాలమూరు, శ్రీకాకుళం కూలీలు పండగలకు ఊళ్ళకు వెళ్తారని కూడా లెక్కలో పెట్టుకో; సంక్రాంతికి వారం ముందు స్లాబు పెట్టుకుంటే తడపడానికి మనిషి దొరకడు.

చివరగా ఓసీ, అంటే ఇల్లు కాపురానికి సిద్ధమని కార్యాలయం ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. 7 మీటర్ల ఎత్తు దాటిన ఇల్లు కనుక నీ కట్టడంలో 10 శాతం మున్సిపల్ కార్పొరేషన్ పేర తాకట్టులో ఉంటుంది, అది ఓసీ వచ్చాకే విడుదలవుతుంది. లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకంతో పని పూర్తయిందనే నోటీసు పెట్టాక ఓసీకి చట్టం ఇచ్చిన గడువు 15 రోజులు. ఆ దరఖాస్తుకు ముందు నువ్వే మళ్ళీ టేపు పట్టి సెట్‌బ్యాకులు కొలుచుకో. ఇంకుడు గుంత, పార్కింగు ప్లానులో చూపినట్టే ఉన్నాయో లేదో చూసుకో. పార్కింగులో తర్వాత కట్టించిన చిన్న గది ఏదైనా ఉంటే దరఖాస్తుకు ముందే తీయించేయి. గృహప్రవేశం తేదీని ఓసీకి కనీసం నెల తర్వాత పెట్టమని మీ అమ్మకు నేనే చెబుతాను, నువ్వు చెబితే వినదు.

స్ట్రక్చరల్ డ్రాయింగులు రాగానే ఒక జత నాకు పంపు. మేస్త్రీ ఒప్పందం మీద సంతకం పెట్టకముందు అదీ పంపితే, ఏ చెల్లింపు ఏ తనిఖీ తర్వాత రావాలో ఎర్ర కలంతో గుర్తుపెట్టి వారంలో తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
నీ మేనమామ