బిడ్డా, ముందు పాటని గళ్ళ కాగితం మీద పెట్టు

బిడ్డా,

నువ్వు తీసి పంపిన పాట వీడియో మూడుసార్లు చూశాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండు తీసేసి, మూడోసారి కళ్ళు మూసుకుని. మూడోసారే బాగుంది. కోపం తెచ్చుకోకు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద నీ స్నేహితురాలు రాసి పాడిన పాట అది. బొమ్మలో ఏముంది? చెరువు మీద డ్రోను, రిసార్టులో లంగా ఓణీ, స్లో మోషన్‌లో ఎగిరే జుట్టు. పాట జగిత్యాలలో ఉంది, వీడియో ఇంకెక్కడో ఉంది.

ఇప్పుడేమో "స్టైలు రావాలంటే మంచి కెమెరా ఉండాలి పెద్దబాపూ" అంటున్నావు. మీ బాపు చీటీ పాట పాడి మరీ నీ పాటకి కెమెరా కొనిస్తానన్నాడట. ఒక్క నెల ఆగమను. నేను డైరెక్టర్ని కాదు. ముప్ఫై ఏళ్ళు హైదరాబాదులో ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చుని డైరెక్టర్లు తెచ్చిన రషెస్, అంటే తీసింది తీసినట్టున్న షాట్లు, కోసినవాణ్ణి. సినిమా పాటలు, ప్రైవేట్ ఆల్బమ్‌లు, ఇప్పుడు యూట్యూబ్ జానపదాలు. ఏ గిన్నె ఎంత మాడిందో వండినవాడికన్నా తోమేవాడికే బాగా తెలుస్తుంది.

నీకు నచ్చిన మ్యూజిక్ వీడియో డైరెక్టర్లలో మిషెల్ గాండ్రీ పేరు రాశావు, సంతోషం. ఆయన ముందు డ్రమ్మరు. ఫ్రాన్సులో 'ఉయ్ ఉయ్' అనే బ్యాండులో వాయిస్తూ ఆ బ్యాండుకి వీడియోలు కూడా తనే తీసేవాడు. వాటిలో ఒకటి చూసి ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పిలిచింది. 1993లో ఆమె 'హ్యూమన్ బిహేవియర్' వీడియో అలా పుట్టింది. డ్రమ్ములు వాయించేవాడికి పాట పొరలు పొరలుగా వినిపిస్తుంది. 1997లో డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచ్ జంటకి తీసిన 'అరౌండ్ ద వరల్డ్' మళ్ళీ చూడు, ఈసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని. గుండ్రటి వేదిక మీద ఐదు గుంపులు ఆడుతుంటాయి, పాటలో ఒక్కో సౌండుకి ఒక్కో గుంపు. రోబోలు గొంతుకి, క్రీడాకారుల వేషాల్లో ఆటగాళ్ళు మంద్రంగా మోగే బేస్‌కి, ఈతదుస్తుల అమ్మాయిలు కీబోర్డుకి, అస్థిపంజరాలు గిటారుకి, మమ్మీలు డ్రమ్ మెషీన్‌కి. బేస్ ఎక్కుతుంటే ఆటగాళ్ళు మెట్లెక్కుతారు, దిగితే దిగుతారు. బ్లాంకా లీ డాన్సు కూర్చింది. కథ లేదు, హీరో లేడు, పాటకి పెదాలు కలపడం లేదు. చెవికి వినబడేదాన్ని కంటి ముందు నిలబెట్టాడు, అంతే.

2002లో కెమికల్ బ్రదర్స్ అనే ఇంగ్లండు జంటకి గాండ్రీయే తీసిన 'స్టార్ గిటార్' ఇంకా ముచ్చటైనది. రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యం, అంతకుమించి ఏమీ లేదు. కానీ కాసేపటికి అనుమానమొస్తుంది, స్తంభం బీటుకే ఎందుకొస్తోంది, గోదాము ఆ సౌండుకే ఎందుకొస్తోంది అని. ఆయన ముందు పాటని గళ్ళ కాగితం మీద గీసుకున్నాడు. తర్వాత నారింజపళ్ళు, ఫోర్కులు, క్యాసెట్లు, గ్లాసులు వరసగా పేర్చి, ఏ సౌండుకి ఏ వస్తువు రావాలో చూసుకున్నాడు. ఆ మీదటే రైలు.

నారింజపళ్ళతో మొదలుపెట్టినవాడు ఏ కెమెరా వాడాడని నన్నడక్కు!

నా లెక్క ఏమిటంటే, ఇలాంటి డైరెక్టర్లు స్టైలుని ఎక్కడినుంచో కొనుక్కురాలేదు. కెమెరా పట్టకముందే చేతికి వచ్చిన పనిని తెచ్చి ఫ్రేములో పెట్టారు. ఇంకో వీడియో డైరెక్టరు స్పైక్ జోన్జ్, విన్యాసాలు చేసే బీఎమ్‌ఎక్స్ సైకిళ్ళ పత్రికలకి, స్కేట్‌బోర్డు కుర్రాళ్ళకి ఫొటోలు తీసినవాడు. రోడ్డు మీద అనుమతి లేకుండా తీయడం అక్కడే అలవాటయింది. ఇంగ్లండు డీజే ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పాట 'ప్రెయిజ్ యూ'ని లాస్ ఏంజెలెస్‌లో ఒక సినిమా హాలు బయట, జనం మధ్యలో టేప్ రికార్డర్ పెట్టి, తనే డాన్సరుగా ఎగురుతూ తీశాడు. మధ్యలో హాలు మనిషి వచ్చి టేప్ ఆపేస్తే అదీ వీడియోలో ఉంచేశాడు. ఖర్చు 800 డాలర్లని చెబుతారు. 1999లో అమెరికా మ్యూజిక్ ఛానెల్ ఎంటీవీ అవార్డులు మూడొచ్చాయి.

తర్సేమ్ సింగ్ మనవాడు, జలంధర్‌లో పుట్టాడు. 1991లో ఆర్.ఈ.ఎమ్. అనే అమెరికా రాక్ బ్యాండుకి చేసిన 'లూజింగ్ మై రెలిజియన్'లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో వెలుగునీడల పక్కన మన దేవుళ్ళ క్యాలెండరు బొమ్మలు కూడా ఉన్నాయి. మన ఇంటి గోడకి మేకు కొట్టి తగిలించే శివకాశి క్యాలెండరు లాంటివే. ఆ ఏడాది ఎంటీవీలో ఉత్తమ వీడియో అదే.

డబ్బుంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది అన్నదానికి డైరెక్టరు మార్క్ రోమనెక్ ఒక్కడే చాలు. 1995లో మైకేల్, జానెట్ జాక్సన్‌లకి 'స్క్రీమ్' తీశాడు. అంతరిక్ష నౌక సెట్లు, 70 లక్షల డాలర్లని అప్పట్లో చెప్పుకున్నారు. చాలా అందంగా ఉంటుంది, నాకు మాత్రం ఒకసారి చూస్తే చాలనిపించింది. అదే మనిషి 2002లో అమెరికా గాయకుడు జానీ క్యాష్ ఇంటికెళ్ళి 'హర్ట్' తీశాడు. క్యాష్‌కి అప్పటికి 70 ఏళ్ళు, ఆరోగ్యం బాగాలేదు. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో వేద్దామనుకున్నది కుదరక రోమనెక్కే క్యాష్ ఉండే టెన్నెసీకి వెళ్ళాడు. అక్కడ క్యాష్ పేరుతో నడిచిన మ్యూజియం మూతపడి, పాడుబడి ఉంది. ఇంకొకడైతే దుమ్ము తుడిపించి లైట్లు పెట్టేవాడు. రోమనెక్ ఆ పాడుబడ్డదాన్నే తీశాడు. అక్కడున్న పాత రీళ్ళలోని కుర్ర జానీ క్యాష్‌ని తెచ్చి ముసలి మొహం పక్కన కట్ చేయించాడు. భార్య జూన్ వెనక మెట్ల మీద నిలబడి చూస్తుంటుంది. 2003 మేలో ఆమె పోయింది, సెప్టెంబరులో ఆయన పోయాడు. ఆ కట్స్ చూస్తే ఎడిటరుగా నాకు ఈర్ష్య పుడుతుంది.

నీ వీడియోలో డ్రోన్ షాట్ల మధ్య ఒకచోట, 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర, ఒక సెకను పాటు మీ అమ్మ చేతులు కనబడ్డాయి. పొరపాటున ఉంచావో, ఇష్టపడి ఉంచావో. నేను అక్కడే ఆగిపోయాను. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. నాలుగు కదలికలు, నాలుగు దెబ్బలు. మీ పాటలో డప్పు కూడా నాలుగే కొడుతోంది. వేలకి వేల బీడీలు చూస్తూ పెరిగినదానివి, ఈ లెక్క నా కంటే ముందు నీకు తట్టాల్సింది.

ఇక పని సంగతి. గళ్ళ పుస్తకం కొను. పాట నిమిషానికి 100 బీట్లుంది, నేను లెక్కపెట్టాను. ఫోన్లో సెకనుకి 25 ఫ్రేములు పెట్టుకుంటే బీటుకి సరిగ్గా 15 ఫ్రేములు. ఒక్కో గడి ఒక్కో బీటు అనుకుని పల్లవి, చరణం, మధ్యలో వాయిద్యాల బిట్ గీసుకో. డప్పుకి చింతగింజ, గొంతుకి గాజు పెట్టి చాప మీద పేర్చుకో. నవ్వేవాళ్ళు నవ్వుతారు. షట్టర్ స్పీడు సెకనులో 50వ వంతు దగ్గర ఉంచు, లేకపోతే ఇంట్లో ట్యూబ్‌లైటు మిణుకుమంటుంది. స్లో మోషన్ తప్పదనుకుంటే 50 ఫ్రేముల్లో తీసి, పాటని రెట్టింపు స్పీడులో వేసి పాడించు. తర్వాత దాన్ని 25 ఫ్రేముల్లో, మామూలు స్పీడు పాటతో చూసుకున్నప్పుడు పెదాలు కలుస్తాయి, ఒళ్ళు మాత్రం నెమ్మదిగా కదులుతుంది. నీ వీడియోలో రెండో చరణమంతా పెదాలు తప్పాయి, ఈ కిటుకు తెలియకే.

పేరు విషయం కాగితం మీద రాయించుకో. ఎంటీవీ 1981లో మొదలైతే, వీడియో మీద డైరెక్టరు పేరు వేయడం 1992 చివర్లో మొదలైంది. అంతటివాళ్ళకే పదకొండేళ్ళు పట్టింది. నేను రాత్రింబవళ్ళు కోసిన ఒక ఆల్బమ్‌లో నా పేరు రాకపోతే అడిగాను, జాగా లేదన్నారు. అదే క్యాసెట్ అట్ట మీద టీ పొడి ప్రకటనకి జాగా ఉంది.

వీడియోలు తీసి సినిమాలకి వెళ్ళిన ఫించర్, గ్లేజర్ లాగా సినిమాకి ఎప్పుడు వెళ్ళాలని అడిగావు. అది ఇప్పుడెందుకు?

మీ అమ్మని అడగకుండా కెమెరా పెట్టకు. అడిగితే మొహం వద్దంటుంది. వద్దంటే మానెయ్, చేతులు చాలు. పొద్దున ఏడింటికి వాకిట్లో చాట ముందుకి వెలుతురు పక్కనుంచి పడుతుంది, నాకు గుర్తుంది. దసరాకి వస్తున్నాను, రషెస్ ఏవీ డిలీట్ చెయ్యకు. చీటీ ఈ నెల పాడొద్దని మీ బాపుకి నేనే ఫోన్ చేస్తాను.

మీ పెద్దబాపు