ఆటవిడుపు: వాడు గెలుస్తాడు, మేం ముగ్గురం ఫోన్లు చూసుకుంటాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కార్డు గేమ్స్ గురించే. పేకాట కాదు, మ్యాజిక్, పోకెమాన్ లాంటివి, అంటే కార్డులు కొనుక్కుని, వాటిలోంచి ఎవరి డెక్ (ఆడే కార్డుల కట్ట) వాళ్లు పేర్చుకుని ఆడుకునేవి. టోర్నమెంట్లకి వెళ్లేవాళ్లకి ఏం ఆడాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఇంట్లో చాప పరుచుకుని ఆడేవాళ్ల గొడవలే ఎవరికీ పట్టవు, అందుకని ఈ వారం పేజీ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురం శనివారం సాయంత్రాలు మ్యాజిక్‌లో కమాండర్ అనే పద్ధతి ఆడతాం. ముగ్గురి దగ్గరా కొన్నవి కొన్నట్టుగా ఉన్న రెడీమేడ్ డెక్స్. నాలుగోవాడు మాత్రం నెట్‌లో లిస్టు చూసి, ఒక్కో కార్డూ ఏరి తెప్పించి డెక్ కట్టాడు. ఐదో టర్న్ వచ్చేసరికి ఆట ఖతం. వాడు గెలుస్తాడు, మేం ముగ్గురం ఫోన్లు చూసుకుంటాం. చెబితే "రూల్స్‌లో ఉన్నదేగా, మీరూ కట్టుకోండి" అంటాడు. స్నేహం చెడకుండా ఎలా చెప్పాలి? (కొండాపూర్, హైదరాబాద్)

జవాబు: మీవాడు చెప్పింది రూల్స్ ప్రకారం కరెక్టే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మ్యాజిక్ 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారు చేసిన ఆట, మామూలుగా ఇద్దరు ఆడేది, ఒక్కొక్కరికి 20 లైఫ్, అది సున్నా అయితే ఓడినట్టే. మీరు ఆడే కమాండర్‌ని మాత్రం ఏ కంపెనీ వాళ్లూ మీటింగ్ పెట్టుకుని కనిపెట్టలేదు. అలాస్కాలో కొందరు ఫ్రెండ్స్ సొంతంగా అల్లుకుని ఆడుకున్నారు, తర్వాత టోర్నమెంట్లలో జడ్జిలుగా పనిచేసేవాళ్లకి అది నచ్చి, పగలంతా అవతలివాళ్ల తగాదాలు తీర్చి రాత్రి తాము ఆడుకోవడానికి పట్టుకున్నారు. మ్యాజిక్ కార్డులు వేసే కంపెనీ దీనికోసం రెడీమేడ్ డెక్స్ తెచ్చింది 2011లో. డెక్‌లో 100 కార్డులు, బేసిక్ ల్యాండ్స్ (మిగతా కార్డులు దించడానికి కావాల్సిన శక్తిని, అంటే మానాని ఇచ్చే కార్డులు) తప్ప ఏ కార్డూ రెండుసార్లు ఉండకూడదు, లైఫ్ 40. ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది, ఆట నెమ్మదిగా సాగాలి, మామూలు ఆటలో చేతిలోనే కుళ్లిపోయే ఎనిమిది మానా కార్డుకి కూడా ఒక రోజు రావాలి అనే దీన్ని ఇలా కట్టారు. ఐదో టర్న్‌కే ముగించేస్తే ఆ 40 లైఫ్ ఉన్నా లేనట్టే.

కాబట్టి "నువ్వు మా ఆట పాడు చేస్తున్నావ్" అనకండి, గొడవవుతుంది. అంకెల్లో మాట్లాడండి. 2025 నుంచి కంపెనీయే కమాండర్ డెక్స్‌ని ఒకటి నుంచి ఐదు వరకు బ్రాకెట్లుగా విడదీసింది. రెడీమేడ్ డెక్ సుమారుగా రెండో బ్రాకెట్‌లో పడుతుంది, ఐదు అంటే టోర్నమెంట్ మనస్తత్వంతో కట్టిన డెక్. ఆటని ఒక్కసారిగా తిప్పేసే కార్డులకి 'గేమ్ చేంజర్స్' అని వేరే జాబితా ఉంది, ఒకటి, రెండు బ్రాకెట్లలో అవి అసలు ఉండకూడదు, మూడో దాంట్లో మూడు దాకా ఉండొచ్చు. ఆ జాబితా వాడి ముందు పెట్టి "నీది నాలుగులా ఉంది, మావి రెండు, ఎక్కడ కలుద్దాం?" అని అడగండి. మీరు వేలెత్తి చూపాల్సిన పని లేదు, లెక్క వాడే వేసుకుంటాడు.

ఇంకొకటి, వాడికి ఆటలో ఏది ఇష్టమో కనుక్కోండి. మ్యాజిక్ డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ ఆటగాళ్లని మూడు రకాలుగా చెబుతుంటాడు. పెద్ద రాక్షసుడిని దించి టేబుల్ అదిరిపోతే చాలనుకునేవాడు టిమ్మీ, ఎవరూ ఊహించని రెండు కార్డులు కలిపి విచిత్రం చేయాలనుకునేవాడు జానీ, గెలుపు కావాల్సినవాడు స్పైక్. మీవాడు జానీ అయితే పని సులువు, "ఈసారి కామన్ కార్డులతోనే, అంటే ప్యాకెట్లలో తేలిగ్గా దొరికేవాటితోనే కట్టి చూపించు" అని ఒక పజిల్ ఇవ్వండి, రెండు వారాలు నిద్రపోడు. స్పైక్ అయితే ఆ డెక్‌తో రాత్రికి ఒక్క ఆటే అని ఒప్పందం చేసుకోండి, తర్వాతి ఆటకి డెక్స్ మార్చుకోవాలి. వాడి డెక్ మీ చేతికి, మీ రెడీమేడ్ వాడి చేతికి. నాలుగో టర్న్‌లో ఏమీ చేయలేక గుడ్లప్పగించి కూర్చోవడం ఎలా ఉంటుందో వాడికి మీరు నోటితో చెప్పాల్సిన అవసరం ఉండదు.

మీ వైపు కూడా ఒక లోటు ఉందని నా అనుమానం. నలుగురు ఆడే ఆటలో మీరే ముగ్గురు ఉన్నారు కదా, మొదటి టర్న్ నుంచే అందరూ వాడి మీదే పడుతున్నారా, లేక మొహమాటానికి తలా ఒకరిని కొట్టుకుంటున్నారా? సోల్ రింగ్ సంగతే తీసుకోండి. ఒక మానా పెట్టి దించితే టర్న్‌టర్న్‌కీ రెండు మానా ఇస్తుంది, రెడీమేడ్ డెక్స్‌లో కూడా దాదాపు అన్నిట్లో ఉంటుంది. మొదటి టర్న్‌లోనే ఎవరైనా దాన్ని దించితే వాళ్లు అందరికంటే రెండడుగులు ముందున్నట్టే, అలాంటప్పుడు దెబ్బలన్నీ ముందు వాళ్లకే తగలాలి. ఇందులో తొండి ఏం లేదు, నలుగురి ఆటలో బలవంతుడిని ఆపే బ్రేక్ ఇదొక్కటే. ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు బాధపడదాం. అంతేగానీ వాడిని అందుకోవాలని మీ ముగ్గురూ కార్డులకి డబ్బులు పోయొద్దు, వాడూ ఇంకో నాలుగు కొంటాడు, ఎవరి జీతం ముందు అయిపోతుందనే పోటీ తప్ప అందులో ఆటేమీ ఉండదు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, పోకెమాన్ కార్డుల పిచ్చి. ఓడిపోతున్నాడనగానే రూల్ మార్చేస్తాడు, పక్కింటి పిల్లాడితో రోజూ గొడవ. ఐదేళ్ల పాప నేనూ ఆడతానని ఏడుపు. మా అత్తయ్యగారేమో చిన్నప్పటి నుంచే పేకాట నేర్పిస్తున్నావని నన్నే అంటున్నారు. పైగా ఆ కార్డుల్లో సగం డూప్లికేట్ అట. మాన్పించేయాలా? (తెనాలి)

జవాబు: మాన్పించకండి. చదవడం, కూడికలు తీసివేతలు, మన వంతు వచ్చేదాకా ఆగడం, మూడూ ఆ కార్డుల్లోనే ఉన్నాయి, మీరు చెబితే వినని పిల్లాడు వాటికోసం నేర్చుకుంటాడు.

అత్తయ్యగారి మాటని మాత్రం కొట్టిపారేయకండి, ఆవిడ భయంలో కొంత నిజం ఉంది. మ్యాజిక్ వచ్చిన కొత్తలో రూల్స్‌లోనే పందెం ఉండేది, ఆట మొదట్లో ఇద్దరూ డెక్‌లోంచి చెరో కార్డు పక్కన పెట్టేవాళ్లు, గెలిచినవాడు రెండూ పట్టుకుపోయేవాడు. ఇష్టపడి కొనుక్కున్న కార్డు అలా పోతే ఎవరికి నచ్చుతుంది, ఆ పద్ధతి నిలబడలేదు. పోకెమాన్‌లో పందెం రూల్ లేదు, కానీ పిల్లలు వాళ్లలో వాళ్లు పెట్టేసుకుంటారు. అందుకని గెలిచినవాడు కార్డు తీసుకోవడం మన ఇంట్లో కుదరదని గట్టిగా చెప్పేయండి. ప్యాకెట్లు చింపడం కూడా ఆలోచించాల్సిందే. లోపల ఏముందో తెలియకుండా కొని, మంచిది రాలేదని ఇంకోటి కొనడం లాటరీకి దగ్గరి చుట్టమే. నా మాట వింటే ప్యాకెట్లు మాని, ఏమేం కార్డులున్నాయో ముందే తెలిసే రెడీమేడ్ డెక్స్ రెండు కొనండి, ఒకటి వాడికి, ఒకటి పక్కింటి అబ్బాయి వచ్చినప్పుడు ఇవ్వడానికి.

రూల్స్ మార్చడం గురించి చెప్పాలంటే, తొమ్మిదేళ్లవాడికి అసలు ఆట బరువెక్కువ. 60 కార్డులు, 6 ప్రైజ్ కార్డులు (అవతలివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడు తీసుకునేవి, తనవన్నీ తీసుకున్నవాడు గెలిచినట్టు), ఒక ఆట ముగిసేలోపు ఓపిక పోతుంది. మీ ఇంట్లో 30 కార్డులు, 3 ప్రైజులు అని పెట్టండి. త్వరగా అయిపోతుంది, ఓడినా వెంటనే ఇంకో ఆట ఉంటుంది కాబట్టి ఏడుపు తక్కువ. రూల్ మార్చాలనుకుంటే మార్చుకోనివ్వండి, కాకపోతే షఫుల్ చేయకముందే, ఇద్దరూ ఒప్పుకున్నాకే. గల్లీ క్రికెట్‌లో గోడ దాటితే అవుటా, ఒక పిచ్ క్యాచ్ ఉందా లేదా అని బ్యాటింగ్ మొదలవకముందే తేల్చుకుంటారు కదా, అలా. మధ్యలో మారిస్తే తొండి, ఆ ఆట అక్కడితో ఆపేసి కార్డులు డబ్బాలో పెట్టేయండి, రెండుసార్లు ఆపితే మూడోసారికి దారికొస్తాడు. పాపని ఆటలో అరటిపండుగా కూర్చోబెట్టండి. పోకెమాన్‌లో బొమ్మా బొరుసా వేయాల్సిన దాడులు చాలానే ఉంటాయి, ఆ కాయిన్ ఎగరేసే ఉద్యోగం పాపది, అన్నయ్య గెలుపోటములు తన చేతిలో ఉన్నాయని తెలిశాక ఇక ఏడవదు.

డూప్లికేట్ సంగతి. అక్షరాలు మసగ్గా ఉండటం, వెనకవైపు నీలం వెలిసినట్టు ఉండటం, అట్ట మరీ పల్చగా ఉండటం చూసి చాలావరకు పట్టేయొచ్చు. అనుమానం ఉన్నదాన్ని ఒకటి చింపి చూడండి, అసలు కార్డుకి రెండు పొరల మధ్యలో నల్లటి గీత కనిపిస్తుంది. ఇంట్లో ఆడుకోవడానికి అసలైతేనేం నకిలీ అయితేనేం, మీద రాసింది చదవగలిగితే చాలు. ఎవరితోనైనా మార్పిడి చేసుకునేటప్పుడు మాత్రం ఇది డూప్లికేట్ అని ముందే చెప్పాలని నేర్పండి, ఆ ఒక్క విషయంలో తగ్గొద్దు.

ప్రశ్న: సరదాకి ఆడటం అనేది ఓడిపోయేవాళ్లు చెప్పే కబురు. గెలవాలని లేనివాడు ఆడటం దేనికి? (నిజామాబాద్)

జవాబు: గెలవొద్దని ఎవరన్నారు? డెక్ కట్టేటప్పుడు ఒక మెట్టు తగ్గండి, ఆటలో కూర్చున్నాక మాత్రం ప్రాణం పెట్టి ఆడండి. కావాలని ఓడిపోయేవాడితో ఆడటం, ఐదో టర్న్‌కే చంపేసేవాడితో ఆడటం కంటే చిరాకు. నాకు తెలిసినవాళ్లలో సరదాగా ఆడేవాళ్లు చాలామంది మహా మొండివాళ్లు, డ్రాగన్లతోనే గెలవాలి, లేదా కప్పలతోనే గెలవాలి అని పట్టుదల. టోర్నమెంట్‌లో గెలిచే దారి దొరికితే చాలు, ఏదైనా ఫరవాలేదు. వీళ్లకి ఫలానా దారిలోనే గెలవాలి, ఆ లెక్కన చూస్తే వీళ్ల పనే కష్టం.

ప్రశ్న: పెళ్లయ్యాక డల్లాస్ వచ్చాను. మా ఆయన ఏళ్ల తరబడి మ్యాజిక్ ఆడుతున్నారు, నాకూ నేర్పించారు. ఇద్దరమే ఆడుకుంటాం, ప్రతిసారీ ఆయనే గెలుస్తారు. పైగా ప్రతి టర్న్‌లో "ఆ కార్డు వేయాల్సింది" అని క్లాసు. ఆట ఇష్టమే, ఇలా అయితే మానేస్తానేమో. (డల్లాస్, అమెరికా)

జవాబు: క్లాసు ముందు ఆపించండి. ఆట అయ్యాక అడిగితేనే చెప్పాలి, అడగకపోతే టీ పెట్టుకోవాలి.

తర్వాత ఆయన డెక్స్ అన్నీ కొన్నాళ్లు అటక మీద పెట్టించండి. ఆయన గెలిచేది తెలివితోనే కాదు, ఏళ్ల తరబడి కొన్న కార్డులతో కూడా. ఇద్దరూ ఒకే చోట మొదలుపెట్టే పద్ధతులున్నాయి. అన్నిటికంటే తేలిక జంప్‌స్టార్ట్, 2020లో వచ్చింది. ఒక్కో ప్యాకెట్‌లో 20 కార్డులు, ల్యాండ్స్‌తో సహా, ఒకే థీమ్ మీద ఉంటాయి, ఏవైనా రెండు ప్యాకెట్లు చింపి కలిపేస్తే అదే డెక్. పిల్లులూ పైరేట్లూ కలిసి ఒకే డెక్‌లోకి రావచ్చు, ఆయన అనుభవం అక్కడ పెద్దగా పనిచేయదు.

అది అలవాటయ్యాక విన్‌స్టన్ డ్రాఫ్ట్ ఆడండి, ఇద్దరి కోసమే గార్ఫీల్డ్ చేసిన పద్ధతి. సుమారు 90 కార్డులు కలిపి బోర్లా పెట్టండి, పైనుంచి మూడు కార్డులు తీసి మూడు కుప్పలుగా, అవి కూడా బోర్లానే, పరవండి. మీ వంతులో మొదటి కుప్ప ఎత్తి చూస్తారు, నచ్చితే అంతా తీసేసుకుని ఆ ఖాళీలో కొత్త కార్డు ఒకటి పెడతారు, నచ్చకపోతే దానిమీదే ఇంకో కార్డు వేసి రెండో కుప్పకి వెళతారు. మూడూ వద్దనుకుంటే కట్ట మీది కార్డు, అది ఏదైనా సరే, మీది. వదిలేసిన కుప్ప టర్న్‌టర్న్‌కీ పెరుగుతూ ఉంటుంది. ఒక మంచి కార్డు, దాని కింద రెండు చెత్తవి, ఇప్పుడు తీసుకోవాలా, ఇంకొంచెం పెరగనివ్వాలా, ఈలోపు ఆయన ఎత్తుకుపోతే? ఈ టెన్షనే సగం ఆట. చివరికి ఎవరికి వచ్చినవాటితో వాళ్లు, ల్యాండ్స్ కలుపుకుని 40 కార్డుల డెక్ కట్టుకుంటారు. పైగా ఆయన ఏం తీసుకున్నారో సగం మీకు తెలుసు, మీరు వదిలేసినవేగా.

ప్రశ్న: విశాఖలో ఉంటాం, బీచ్‌కి దగ్గర. మెరిసే ఫాయిల్ కార్డులన్నీ అప్పడాల్లా వంగిపోతున్నాయి. ఏం చేయాలి? (పెదవాల్తేరు)

జవాబు: గాలిలో తేమ. కాగితం తేమని పీల్చుకుని సాగుతుంది, పైనున్న మెరుపు పొర సాగదు, అందుకే ఒకవైపుకి వంగుతాయి. మామూలు కార్డులకి ఈ బాధ తక్కువ. గాలి ఆడని డబ్బాలో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి కార్డులు పెట్టండి, కొద్దికొద్దిగా సర్దుకుంటాయి, మరీ ఎక్కువ వేస్తే తేమ పూర్తిగా పోయి రెండోవైపుకి వంగుతాయి, కాబట్టి రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. ఇస్త్రీపెట్టె జోలికి మాత్రం పోవద్దు. టోర్నమెంట్‌లో అయితే వంగిన కార్డుని వెనకనుంచి గుర్తుపట్టొచ్చని జడ్జి అభ్యంతరం చెబుతాడు. మీ ఇంట్లో అందరి ఫాయిల్సూ వంగే ఉంటాయి కాబట్టి, స్లీవ్స్ (కార్డుకి తొడిగే ప్లాస్టిక్ తొడుగులు) వేసుకుని ఆడేయండి.